ఆదివారం రాత్రి 88.5 లో పాత గొంతులు

వాషింగ్టన్ డీసీ పరిసరాల్లో ఉండే మనవాళ్ళలో, ఆదివారం సాయంత్రం ఏ పుట్టినరోజు పార్టీకో వెళ్ళి తిరిగొస్తూ కారులో 88.5 ఎఫ్ఎం పెట్టినవాళ్ళు చాలామందే ఉంటారు. వార్తలొస్తాయనుకుంటే తలుపు కిర్రుమన్న చప్పుడు, బూట్ల అడుగులు, ఆ వెనకాలే ఒకాయన తన ఖర్చుల పద్దు చదవడం! డబ్ల్యూఏఎంయూ స్టేషన్ వారి "ది బిగ్ బ్రాడ్‌కాస్ట్" అది. టీవీ రాకముందు అమెరికా ఇళ్ళల్లో సాయంత్రాలను ఏలిన రేడియో నాటకాలు, హాస్య కార్యక్రమాలు, సీరియళ్ళు మళ్ళీ వినిపించే షో.

దీన్ని 1964 లో జాన్ హిక్‌మన్ "రికలెక్షన్స్" అనే పేరుతో మొదలుపెట్టారు. ఇక్కడి రేడియో నాటకాల యుగం 1962 సెప్టెంబరు 30 తో ముగిసిందంటారు. సీబీఎస్‌లో "సస్పెన్స్", "యువర్స్ ట్రూలీ, జానీ డాలర్" రెండూ ఆఖరిసారి వినిపించింది ఆ రోజే. అంటే పోయిన రెండేళ్ళకే ఆబ్దికాలు మొదలయ్యాయన్నమాట! పద్దు చదివే పెద్దమనిషి ఈ జానీ డాలరే. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున నేరాలు పరిశోధిస్తాడు. కథంతా ఎక్స్‌పెన్స్ రిపోర్టుగానే చెబుతాడు: టాక్సీకి ఇంత, హోటలుకి ఇంత, ఇంతలో గదిలో శవం. సోమవారం విమానమెక్కి గురువారం ఇంటికి చేరే మన కన్సల్టెంట్లకి ఇంతకంటే దగ్గరి చుట్టం ఎవరున్నారు!

1990 లో ఈ షో ఎడ్ వాకర్ గారి చేతికొచ్చింది. 1932 లో పుట్టిన ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. అమెరికన్ యూనివర్సిటీలో చేరిన మొదటి అంధ విద్యార్థి ఆయనే. అక్కడి క్యాంపస్ రేడియోని మొదలుపెట్టిన కుర్రాళ్ళలో ఒకరు కూడా. ఆ తర్వాత విల్లర్డ్ స్కాట్‌తో కలిసి "జాయ్ బాయ్స్" పేరుతో 1955 నుంచి 1974 దాకా ఈ ఊరిని నవ్వించారు. బిగ్ బ్రాడ్‌కాస్ట్‌లో ఆయన చేసింది టేపు పెట్టి ఊరుకోవడం కాదు. ప్రతి నాటకానికీ ముందు ఎవరు నటించారు, ఏ సంవత్సరం, స్పాన్సరు ఏ సబ్బో ఏ సిగరెట్టో, అన్నీ పక్కింటి బాబాయి చెప్పినట్టు చెప్పేవారు. నన్నడిగితే సగం విలువ ఆ నాలుగు మాటల్లోనే ఉంది. 2015 అక్టోబరులో హాస్పిటల్ మంచం మీదనుంచే చివరి షో రికార్డు చేశారు. 25 వ తేదీ రాత్రి అది ప్రసారమైతే కుటుంబంతో కలిసి విని, కొద్ది గంటలకే కన్నుమూశారు. ఎనభై మూడేళ్ళు. 2016 లో ఆ బాధ్యత ముర్రే హార్విట్జ్ అందుకున్నారు.

ఇంతకీ ఆ నాటకాలు ఇప్పటిదాకా ఎలా మిగిలాయి? ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఉంది. రికార్డు చేసిన సరుకుని గాలిలోకి వదలడం అప్పట్లో పెద్ద నెట్‌వర్కులకి నామోషీ. అంతా లైవే. న్యూయార్కు శ్రోతలకి ఒకసారి ఆడి, మూడు గంటలాగి కాలిఫోర్నియా వాళ్ళకోసం అదే నాటకం మళ్ళీ ఆడేవారు. అయినా స్పాన్సరుకి చూపించడానికీ, సాక్ష్యం కోసమూ పదహారు అంగుళాల పళ్ళేల్లాంటి డిస్కుల మీద కోసి ఉంచేవారు. ఒక్కో వైపు పదిహేను నిమిషాలు. అల్యూమినియం మీద లక్క లాంటి పూత. యుద్ధకాలంలో అల్యూమినియం దొరక్క గాజు మీద పూశారు. చెయ్యి జారితే నాటకం ముక్కలే! 1947 లో బింగ్ క్రాస్బీ టేపు మీద రికార్డు చేయడం మొదలుపెట్టాక ఆ నామోషీ వదిలింది. ఆ డిస్కుల్లో స్టేషన్లు పారేసినవాటిని ఇంటికి మోసుకెళ్ళిన అభిమానులుండబట్టే బిగ్ బ్రాడ్‌కాస్ట్ లాంటి షోలు సాధ్యమయ్యాయి.

ఈ ఊరికే చెందిన మరో ముచ్చట. 1939 సెప్టెంబరు 21 న వాషింగ్టన్‌లోని డబ్ల్యూజెఎస్‌వీ స్టేషన్ పొద్దున్నించి అర్ధరాత్రి దాటేదాకా తన ప్రసారమంతా డిస్కులకెక్కించింది. కాంగ్రెసులో రూజ్‌వెల్ట్ ప్రసంగం, బేస్‌బాల్ ఆట, వంటింటి సీరియళ్ళు, ప్రకటనలు అన్నీ ఉన్నాయందులో. తెల్లవాళ్ళు నల్లవాళ్ళ యాసని అనుకరించిన "ఏమోస్ అండ్ యాండీ" కూడా ఉంది. ఇప్పుడు వింటే ఇబ్బందే. దాచినవాళ్ళు ఏరి పారెయ్యలేదు, అదే మేలు.

మరి మన సంగతి? మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది, విజయవాడ 1948 డిసెంబరు 1 న. మద్రాసు కేంద్రం తొలినాళ్ళలో గిడుగు రామమూర్తి పంతులు గారు మాట్లాడారు. వాడుక భాష కోసం అంతగా పోరాడినాయన మైకు ముందు ఎలా పలికారో వినాలని ఎవరికుండదు! రేడియో అన్నయ్య, అక్కయ్య న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్ల పిల్లల కార్యక్రమాలు, రజనీకాంతరావు గారి భక్తిరంజని, ఢిల్లీనుంచి జగ్గయ్య గారు చదివిన వార్తలు... టేపు ఖరీదైన రోజుల్లో పాతది చెరిపి కొత్తది ఎక్కించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. బీబీసీ అంతటిదే ఎన్నో పోగొట్టుకుంది, ఆకాశవాణి ఎంత. ఆర్కైవ్స్ నుంచి శాస్త్రీయ సంగీతం కొంత సీడీలుగా వచ్చింది కానీ నాటకాలకి అంత అదృష్టం పట్టలేదు.

కాబట్టి మిగిలినవి మన అటకల మీదా, సూట్‌కేసుల అడుగునా ఉన్నాయి. నాన్నగారు టూ-ఇన్-వన్‌లో పట్టిన నాటకాలు, పైన సినిమా పాటల పేర్లున్న క్యాసెట్లలో. దొరికితే ముందు క్యాసెట్ వెనకంచున ఉన్న రెండు బుల్లి ప్లాస్టిక్ పలకలు విరిచెయ్యండి, పొరపాటున చెరిగిపోదు. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టి, కంప్యూటర్‌లోకి వేవ్ ఫైలుగా దించండి. ఎంపీత్రీ వినడానికి చాలు, దాచడానికి చాలదు. నడుమ వచ్చే ప్రకటనలు, "సమయం ఇప్పుడు..." లాంటి మాటలు కత్తిరించకండి.

ఇక ఎడ్ వాకర్ గారి పని ఒకటి మిగులుతుంది. ఆ గొంతు ఎవరిదో, ఏ కేంద్రమో, ఏ సంవత్సరమో రాసిపెట్టడం. ఆర్నెల్లుండడానికి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు మధ్యాహ్నాలు తోచక కూర్చునేది ఇక్కడే కదా. వాళ్ళ పక్కన స్పీకరు పెట్టి, గుర్తుపట్టిన ప్రతి పేరూ ఆ ఫైలుతోపాటే దాచండి.