వాంతులు ఆపే మందులు: నర్సింగ్ సిబ్బంది పాటించవలసిన జాగ్రత్తలు

వార్డులో రోగికి వాంతి అయినదంటే బంధువులు మొదట పరుగెత్తేది నర్సు వద్దకే. ఒక ఇంజెక్షన్ పడితే చాలు, రోగి తేరుకుంటాడన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది. నిత్యం వాడుకలో ఉన్నందున ఈ మందులను చిన్న మందులుగా పరిగణించడం కూడా పరిపాటి అయింది. అయితే ఏ మందును, ఏ మార్గంలో, ఎంత నిదానంగా ఇచ్చారన్న అంశం రోగి క్షేమాన్ని నిర్ణయిస్తుంది.

వాంతి ఒక లక్షణమే గాని వ్యాధి కాదు. తలకు దెబ్బ, మెదడువాపు, పేగులలో అవరోధం, అదుపు తప్పిన మధుమేహం, ఒక్కొక్కసారి గుండెపోటు సైతం వాంతి రూపంలోనే బయటపడవచ్చు. కారణం తెలియకుండా వాంతిని అణచివేస్తే అసలు జబ్బు మరుగున పడుతుంది. అందుచేత వాంతి రంగు, అందులో రక్తం ఉన్నదీ లేనిదీ, కడుపు ఉబ్బరం, తలనొప్పి, స్పృహ, మూత్ర పరిమాణం గమనించి వైద్యునికి తెలపడం నర్సు ప్రథమ కర్తవ్యం. స్త్రీల విషయంలో గర్భం గురించి అడగడం మరువరాదు.

మెటోక్లోప్రమైడ్ పేగుల కదలికను పెంచుతుంది గనుక పేగులలో అవరోధం గాని, రంధ్రం గాని ఉన్నవారికి ఇవ్వరాదు. దీనిని నరానికి ఇచ్చేటప్పుడు కనీసం మూడు నిమిషాలు తీసుకోవాలని, పెద్దలకు రోజుకు 30 మిల్లీగ్రాములు, ఐదు రోజులు మించరాదని, ఏడాది లోపు శిశువులకు అసలే వాడరాదని ఐరోపా ఔషధ సంస్థ 2013లో నిర్దేశించింది. ఈ మందు వలన కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, యువతకు మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం, దవడ బిగుసుకోవడం సంభవిస్తాయి. చూసేవారు దీనిని ఫిట్స్ అనో, ధనుర్వాతమనో, గాలి సోకిందనో భ్రమపడే అవకాశం ఉంది. రోగి మాత్రం స్పృహలోనే ఉండి భయపడిపోతుంటాడు. వెంటనే మందు నిలిపివేసి వైద్యుని పిలిస్తే, విరుగుడు ఇంజెక్షన్‌తో సాధారణంగా కొద్ది నిమిషాలలోనే ఉపశమనం లభిస్తుంది. ఆ మందు పేరును కేస్ షీటుపై స్పష్టంగా నమోదు చేయాలి. లేనిచో తరువాతి షిఫ్టులో అదే మందు మళ్లీ పడే ప్రమాదం ఉంది. మంచంపై నిలువలేక అటూ ఇటూ తిరిగే రోగిని మొండివాడని మందలించరాదు. అదీ ఈ మందు ప్రభావమే కావచ్చు.

ఫెనర్గాన్ పేరుతో వార్డులలో పరిచితమైన ప్రొమెథజైన్ విషయం మరింత తీవ్రమైనది. ఇది నరం వెలుపలికి కారినా, పొరపాటున ధమనిలోకి వెళ్లినా కణజాలం కుళ్లిపోవచ్చు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 2000లో తలనొప్పి, వికారంతో వైద్యశాలకు వచ్చిన ఒక సంగీత కళాకారిణి ఈ ఇంజెక్షన్ ధమనిలోకి చేరిన కారణంగా చేతిని కోల్పోయారు. ఆమెకు నష్టపరిహారం చెల్లించవలసిందేనని 2009లో ఆ దేశ సుప్రీం కోర్టు తీర్పునిచ్చింది. అదే సంవత్సరం అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరికను తప్పనిసరి చేసి, కండరంలో లోతుగా ఇవ్వడమే మేలని పేర్కొన్నది. 2023లో ఆ హెచ్చరికను మరింత బలపరచింది. శ్వాస మందగించే ప్రమాదం ఉన్నందున రెండేళ్ల లోపు పిల్లలకు ఈ మందు నిషిద్ధం. పెద్దలకు మత్తు కలుగుతుంది గనుక మరుగుదొడ్డికి ఒంటరిగా పంపరాదు. మగతలో ఉన్న రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ఆన్‌డాన్‌సెట్రాన్ వీటికంటే సురక్షితమన్న పేరు తెచ్చుకున్నది. అయినా గుండె లయను దెబ్బతీయగల గుణం దీనికి ఉన్నది. ఈ కారణంగానే 32 మిల్లీగ్రాముల ఏక మోతాదును అమెరికాలో 2012లో ఉపసంహరించారు; నరానికి ఒక్కసారి ఇచ్చే మోతాదు 16 మిల్లీగ్రాములు మించరాదు. వాంతుల వలన శరీరంలో పొటాషియం తగ్గుతుంది, పొటాషియం తగ్గినవారికే ఈ ముప్పు ఎక్కువ. కనుక విపరీతంగా వాంతులైన వారికి రక్తపరీక్ష ఫలితాన్ని, వాడుతున్న ఇతర మందులను చూసుకోవడం అవసరం.

అతిసారంతో వాంతులయ్యే పిల్లలకు ఓ.ఆర్.ఎస్.కు బదులు ఈ మందులు ఏవీ సరిపోవు. వాంతి అయిన పిదప పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున తిరిగి తాగించాలి.

మూడు నిమిషాల ఇంజెక్షన్ అంటే వినడానికి స్వల్పమే. రాత్రి విధులలో వార్డు మొత్తానికి ఒక్కరే ఉన్న నర్సుకు ఆ మూడు నిమిషాలు దొరకడం సులభం కాదన్నది ఆసుపత్రుల పర్యవేక్షణాధికారులు గుర్తించవలసిన విషయం. సిబ్బంది కేటాయింపులో దీనినీ లెక్కలోకి తీసుకోవాలి.

మందు ఇచ్చిన తరువాత అరగంటలోగా రోగిని మళ్లీ చూసి, వాంతి తగ్గినదీ లేనిదీ సమయంతో సహా రాయాలి. దుష్ఫలితం కనిపిస్తే వైద్యులే గాక నర్సులు కూడా 2010లో ప్రారంభమైన భారత ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 ఉచిత టెలిఫోన్ నంబరు ద్వారా తెలియజేయవచ్చును.