కప్పు ఖతర్‌ది, కాయకష్టం మనది

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. తెలంగాణ వలస బతుకు ఈ మూడు మాటల్లో ఇమిడిపోతుందని పల్లెల్లో పెద్దలు చెబుతారు. మొదటిది ఉమ్మడి మహబూబ్‌నగర్‌ వాళ్ల నుదుట రాసి ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ కానీ, పక్కనున్న వనపర్తి, నాగర్‌కర్నూల్‌ ప్రాంతాలు కానీ, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పిల్లాజెల్లాతో గుంపుగా కదలడం తరతరాలుగా చూసినవే. ఆనకట్టల మీద, కాలువ గట్ల వెంట ‘పాలమూరు లేబర్‌’ అన్న పేరు దేశమంతా తిరిగింది. మూడోదైన దుబాయి ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్‌, సిరిసిల్ల, నిర్మల్‌ వాళ్లది. గల్ఫ్‌లో ఏ దేశం విమానమెక్కినా అక్కడి ఊళ్లలో ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఖతర్‌ పోయినా అంతే.

2022 నవంబరు 20న ఆ ఖతర్‌లో ఫుట్‌బాల్‌ ప్రపంచకప్‌ మొదలైంది. అంతకుముందు పన్నెండేళ్ల పాటు ఆ దేశం చుట్టూ నడిచిన రాజకీయం గురించి ప్రపంచ పత్రికలు పుటలు పుటలు రాశాయి. నడిగడ్డలో తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి నుంచి చూస్తే అదే తగాదా ఇంకోలా కనిపిస్తుంది. రాజోలి మగ్గాల ఊరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊరి మీద పడినప్పుడు ఇళ్లతో పాటు మగ్గాలూ పోయాయి. పనిముట్టు పోయినవాడు ఎంత దూరమైనా పోతాడు, ఎంత కూలికైనా తలూపుతాడు. ఆ సంగతి ఎరిగిన ప్రాంతం నుంచి మాట్లాడేవాళ్లకు ఖతర్‌ విషయంలో ముందుగా రెండు ప్రశ్నలు తడతాయి. అక్కడ మనవాడి కూలి ఎవరు ఖాయం చేశారు? అక్కడ మనవాడు చనిపోతే ఎందుకు పోయాడో ఎవరు రాశారు?

ఈ రెంటికీ జవాబు వెతికితే చూపు దోహా దగ్గర మొదలై ఢిల్లీ దాకా వస్తుంది.

దిగ్బంధం నుంచి ఆర్మ్‌బ్యాండ్‌ దాకా

2010 డిసెంబరు 2న జ్యూరిచ్‌లో జరిగిన ఓటింగ్‌ ఆఖరి రౌండులో ఖతర్‌ 14 ఓట్లతో అమెరికాను ఓడించింది. అమెరికాకు వచ్చినవి 8. ఆ రోజు నుంచే లంచాల ఆరోపణలు లేచాయి. ఎండాకాలంలో ఆడలేని చోట కప్పు పెట్టడమేమిటన్న విమర్శకు లొంగి, పోటీలను నవంబరు, డిసెంబరు నెలలకు మార్చారు. 2017 జూన్‌లో సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్‌, ఈజిప్టు ఖతర్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఖతర్‌కు ఉన్న ఒకే ఒక్క భూసరిహద్దు సౌదీతో. అది మూతపడింది. పాలు, కూరగాయలు, కట్టుబడి సామాను వచ్చే దారి ఆగిపోతే, గుజరాత్‌లోని ముంద్రా, ముంబయి దగ్గరి నవా షేవా రేవుల నుంచి నేరుగా ఖతర్‌కు ఓడలు నడిచాయి. స్టేడియంల పని మాత్రం ఆగలేదు. 2021 జనవరిలో సౌదీలోని అల్‌ ఉలాలో రాజీ కుదిరే నాటికి అక్కడి కూలీలు మూడున్నరేళ్లు ఆ కట్టడి నడుమే పని చేశారు.

పొరుగువాళ్లతో రాజీ కుదిరిన మర్నెలలోనే పాశ్చాత్య దేశాలతో కొత్త తగాదా ముదిరింది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్‌ పత్రిక గార్డియన్‌ ఒక లెక్క వేసింది. కప్పు ఖాయమైన దగ్గర్నుంచి పదేళ్లలో భారత్‌, పాకిస్తాన్‌, నేపాల్‌, బంగ్లాదేశ్‌, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు ఖతర్‌లో చనిపోయారని, వారిలో భారతీయులు 2,711 మంది అని రాసింది. వీళ్లంతా స్టేడియంల మీంచి పడి చనిపోయినవాళ్లు కారు. డ్రైవర్లు, కాపలావాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. ఖతర్‌ నిర్వాహకులు మొదట్లో చెప్పుకొచ్చిన లెక్కలో స్టేడియం పనుల్లో ప్రమాదాలకు బలైనవారు ముగ్గురే. తర్వాత 2022 నవంబరులో నిర్వాహక కమిటీ అధిపతి హసన్‌ అల్‌ థవాదీయే ఒక టీవీ ఇంటర్వ్యూలో, కప్పుతో ముడిపడిన పనులన్నీ కలిపి మృతులు 400 నుంచి 500 మంది దాకా ఉండవచ్చని అన్నారు. ఒకే దేశం, మూడు లెక్కలు. చనిపోయినవాళ్ల పేర్లన్నీ వరసగా రాసిన జాబితా ఏ పక్షమూ ప్రజల ముందు పెట్టలేదు.

పోటీలు మొదలయ్యాక చర్చ వేరే వైపు మళ్లింది. స్టేడియంల దగ్గర బీరు అమ్మకం ఆపేయడం, యూరప్‌ జట్ల కెప్టెన్లు ఇంద్రధనుస్సు రంగుల ఆర్మ్‌బ్యాండ్‌ కట్టుకోవాలా వద్దా అన్న గొడవ, నోళ్లు మూసుకుని ఫొటో దిగిన జర్మనీ జట్టు పతాక శీర్షికలకెక్కాయి. అవి చిన్న విషయాలని నేననను. వాటి సందడిలో కార్మికుడి చావు పాత వార్త అయిపోయింది.

ఢిల్లీకి దోహాకు మధ్య

మన దేశానికీ ఖతర్‌కూ మధ్య కూడా ఆ ఏడాది వచ్చిన ఉద్రిక్తతలు చిన్నవి కావు. 2022 జూన్‌ 5న, ప్రవక్త మీద ఒక బీజేపీ ప్రతినిధి చేసిన వ్యాఖ్యలపై ఖతర్‌ భారత రాయబారిని పిలిచి నిరసన తెలిపింది. ఆ సమయంలో మన తెలుగువాడు, అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు దోహాలోనే పర్యటనలో ఉన్నారు. ఆగస్టులో, ప్రారంభోత్సవం ఇంకా మూడు నెలలు ఉందనగా, ఎనిమిది మంది మాజీ భారత నౌకాదళ సిబ్బందిని ఖతర్‌ అరెస్టు చేసింది. వారిలో ఒకరు విశాఖపట్నం వాసి. నవంబరులో ప్రారంభోత్సవానికి అప్పటి ఉపరాష్ట్రపతి జగదీప్‌ ధన్‌ఖడ్‌ వెళ్లారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆ ఎనిమిది మందికీ ఉరిశిక్ష పడింది. డిసెంబరులో దాన్ని తగ్గించారు, 2024 ఫిబ్రవరిలో విడిచిపెట్టారు. ఒత్తిడి తెచ్చే శక్తి ఢిల్లీకి ఉందని, నిశ్శబ్దంగా పని సాధించగలదని ఆ ఎనిమిది మందిలో ఏడుగురు ఇళ్లు చేరడమే రుజువు చేసింది. అందుకు నాకు సంతోషమే. ఆ శక్తిలో కొంతైనా కూలీల కోసం వాడి ఉంటే అన్న బాధ మాత్రం పోదు.

ఎందుకంటే కూలీల విషయంలో జరిగింది ఇంకోటి. గల్ఫ్‌లో కఫాలా అంటే కార్మికుడి వీసా, బస, ఉద్యోగం మారే స్వేచ్ఛ అన్నీ యజమాని అయిన కఫీల్‌ చేతిలో ఉండడం. అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీ మాట దాటలేని పాలమూరు కూలీకి ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అంతర్జాతీయ ఒత్తిడికి ఖతర్‌ కొంత దిగివచ్చింది. 2020 ఆగస్టు 30న, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పిస్తున్నామని, కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు చేస్తున్నామని ప్రకటించింది. ఆ కనీస వేతనం 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. వెయ్యి రియాళ్లంటే దాదాపు 275 డాలర్లు. తిండి, బస యజమాని చూడకపోతే దానికి మరో 800 రియాళ్లు కలపాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2020 సెప్టెంబరులో, మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌ దేశాలకు పోయే కార్మికులకు తాను నిర్ణయించే కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఖతర్‌కు అది 200 డాలర్లు అయింది. కరోనాలో ఉద్యోగాలు పోకుండా చూడడానికే అని చెప్పారు. కారణం ఏదైనా, ఖతర్‌ తన నేల మీద ఇంతకన్నా తక్కువ ఇవ్వరాదని గీత గీస్తున్న వేళ, మన ప్రభుత్వం అంతకన్నా కిందికి గీత జార్చింది. దీని మీద తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. గల్ఫ్‌ కార్మికుల సంఘాలు ఊళ్లలో తిరిగి గొంతు విప్పాయి. 2021 జులైలో కేంద్రం ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. ప్రపంచకప్‌ రాజకీయం మీద వచ్చిన వేల వ్యాసాల మధ్య, తెలంగాణ పల్లెల నుంచి లేచి గెలిచిన ఈ చిన్న పోరాటానికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

ఎందుకు పోయాడు?

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. గార్డియన్‌ పరిశీలించిన భారతీయుల మరణాల్లో 80 శాతం సహజ మరణాలుగానే నమోదయ్యాయి. గుండె ఆగింది, శ్వాస ఆడలేదు అని కాగితంలో ఉంటుంది. ముప్పై, నలభై ఏళ్ల మనిషి గుండె ఎందుకు ఆగిందో అందులో ఉండదు. చాలా మరణాల్లో పోస్టుమార్టం జరగదు. నేపాలీ కార్మికుల మీద 2019లో ‘కార్డియాలజీ’ పత్రికలో వచ్చిన అధ్యయనం, ఖతర్‌లో 2009 నుంచి 2017 దాకా గుండె సంబంధ కారణాలతో చనిపోయిన 571 మందిలో 200 మంది దాకా ప్రాణాలు నిలిచేవని లెక్కగట్టింది. ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే చాలు. 2021లో ఖతర్‌ జూన్‌ నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధించింది. అప్పటికి స్టేడియంల పని చాలా మటుకు అయిపోయింది.

శంషాబాద్‌ విమానాశ్రయంలో శవపేటిక అందుకున్న కుటుంబానికి సహజ మరణమని రాసిన ఆ కాగితం ఎంత బరువో ఆలోచించండి. పదో తరగతి పాసు కాకుండా గల్ఫ్‌ పోయేవాళ్లకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయలు వస్తాయి, కానీ ప్రమాదంలో చనిపోతేనే. సహజ మరణమని రాసి ఉంటే ఆ తలుపు మూసుకున్నట్టే. ఎండలో పడిపోయినవాడిది ప్రమాదమా, సహజమా? నిర్ణయించేది అక్కడి డాక్టరు సంతకం, అడగాల్సింది ఇక్కడి ప్రభుత్వం. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ ఉత్తర్వులు తెచ్చింది. 2023 డిసెంబరు 7 తర్వాత చనిపోయినవారికే అది వర్తిస్తుంది. ప్రపంచకప్‌ కట్టుబడి కాలంలో పోయినవాళ్లు దానికి ముందే పోయారు.

మన ఇంట్లో ఏషియాడ్‌

ఖతర్‌ను తప్పుపట్టే ముందు 1982 ఢిల్లీ గుర్తుకు తెచ్చుకోవాలి. ఏషియన్‌ గేమ్స్‌ కోసం రాజస్థాన్‌, ఉత్తరప్రదేశ్‌, ఒరిస్సాల నుంచి వేల మంది కూలీలను జమాదార్లు తోలుకొచ్చారు. రోజు కూలి 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారుకు పోయేది. ఆడవాళ్లకు 7 రూపాయలే. పౌర హక్కుల సంఘం పీయూడీఆర్‌ రాసిన లేఖనే పిటిషన్‌గా తీసుకుని, ఆటలు మొదలవడానికి రెండు నెలల ముందు, సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరీయే అని జస్టిస్‌ పి.ఎన్‌.భగవతి రాశారు. ఆ ఆటల వేళా దేశంలో రాజకీయ ఉద్రిక్తతే. అకాలీలు నిరసనకు దిగుతారన్న భయంతో హర్యానాలో సిక్కు ప్రయాణికులందరినీ ఆపి సోదా చేశారు. 1971 యుద్ధ విజేత, విశ్రాంత లెఫ్టినెంట్‌ జనరల్‌ జగ్జీత్‌సింగ్‌ అరోడాను కూడా వదల్లేదు. ఆ అవమానం పంజాబ్‌లో చాలాకాలం మండింది. ఏషియాడ్‌ అంటే నలుగురికీ గుర్తున్నది అప్పూ అనే ఏనుగు పిల్ల. వలస కూలీకి గుర్తుండాల్సింది ఆ తీర్పు.

ఆ తీర్పు ఆధారపడిన చట్టాల్లో 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒకటి. అయిదుగురు వలస కూలీలున్న చోటల్లా అది వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో అది కలిసిపోయింది. ఇప్పుడు పది మంది ఉండాలి. నవంబరు 26న, అంటే అయిదు రోజులకే, 2030 కామన్వెల్త్‌ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి. 2034 ఫుట్‌బాల్‌ ప్రపంచకప్‌ 2024 డిసెంబరులోనే సౌదీ అరేబియాకు దక్కింది.

సౌదీ స్టేడియంల కోసం ఏజెంట్లు జగిత్యాలకు, నిజామాబాద్‌కు వస్తారు. అహ్మదాబాద్‌ పనుల కోసం మేస్త్రీలు గద్వాల, నాగర్‌కర్నూల్‌ ఊళ్లకూ రావచ్చు. చిన్న గుంపులుగా తీసుకుపోయిన కూలీలు లెక్కలోకి వస్తారా లేదా అన్నది మొదటి సిమెంటు బస్తా దిగకముందే రాష్ట్ర కార్మిక శాఖ తేల్చాలి. ప్రతి మేస్త్రీ పేరు, ప్రతి గుంపు పేర్లు మండలంలో నమోదు కావాలి. సౌదీకి పోయే ప్రతివాడి ఒప్పందం తెలుగులో చేతికి రావాలి. అక్కడ చనిపోతే కుటుంబం అడిగిన వెంటనే పోస్టుమార్టం జరగాలని, ఆ నివేదిక ఇంటికి చేరాలని ఢిల్లీ రియాద్‌తో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. సౌదీ కప్పుకు ఇంకా ఏళ్ల వ్యవధి ఉంది. ఖతర్‌ విషయంలోనూ మొదట్లో పన్నెండేళ్ల వ్యవధి ఉండింది.