పాత దుబాయ్ సెట్టు పారేయకండి.. కొద్ది ఖర్చుతో మళ్లీ మోగించుకోవచ్చు

హైదరాబాద్ పాతబస్తీ అయినా, నిజామాబాద్, కరీంనగర్, కడప అయినా చాలా ఇళ్లలో అల్మారా మీదో, మంచం కిందో ఓ పాత స్టీరియో సెట్టు కనిపిస్తుంది. 1980లు, 90లలో గల్ఫ్‌కు వెళ్లిన అబ్బానో, మామూనో సెలవు మీద వస్తూ మోసుకొచ్చిన సెట్టు అది. పక్కనే డబ్బాలో క్యాసెట్లు ఉంటాయి. తిలావత్, నాత్, ఖవ్వాలీలతో పాటు మరో రకం కూడా అందులో దొరుకుతుంది. ఫోన్ కాల్ అంటే జేబు గుల్ల అయ్యే ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి గల్ఫ్‌కు మాటలు రికార్డు చేసి పంపుకున్న క్యాసెట్లు అవి. ఇప్పుడు లేని దాదా, నానీల గొంతులు కొన్ని ఇళ్లలో వాటిలోనే మిగిలాయి.

సెట్టు గరగరమంటోందని పాత సామాన్ల వాడికి ఇచ్చేసి, కొత్త బ్లూటూత్ స్పీకర్ కొనేయడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ నూటికి నూరు సార్లూ సెట్టు పాడైనట్టు కాదు. ఎక్కడ తేడా ఉందో ముందు తెలుసుకుంటే చాలావరకు వందల్లోనే పని అయిపోతుంది.

ప్లగ్ పెట్టే ముందు..

సెట్టు వెనక వోల్టేజీ మీట ఉందేమో చూడండి. సౌదీలో చాలాకాలం 127 వోల్టుల కరెంటు కూడా ఉండేది. అక్కడి నుంచి వచ్చిన సెట్టు మీట 110 మీదో, 127 మీదో ఉండిపోతే మన ఇంటి కరెంటుకు పెట్టగానే కాలిపోతుంది. మీటను 220 లేదా 240 దగ్గరికి జరపాలి. మీట లేకుండా 110 అని మాత్రమే రాసి ఉంటే మెకానిక్‌ను అడగకుండా పెట్టొద్దు. మరో మాట, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఇంట్లో ఎవరూ మూత విప్పి చేతులు పెట్టకూడదు.

పైసా ఖర్చు లేని మార్పు

స్పీకర్లు ఎక్కడ పెట్టాం అన్నదాన్ని బట్టి సగం శబ్దం మారిపోతుంది. రెండూ ఒకే టేబుల్ మీద పక్కపక్కన పెడితే స్టీరియో అన్న మాటకే అర్థం ఉండదు. మీరు కూర్చునే చోటు, రెండు స్పీకర్లు కలిసి మూడు వైపులూ సమానమైన త్రికోణంలా ఉండాలి. చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, చెవి ఎత్తున ఉండాలి. గది మూలకు నెడితే బేస్ గుమ్మని పెరిగి గొంతు మసకబారుతుంది. ఖిరాఅత్, నాత్ వినేవారికి గొంతే ముఖ్యం కాబట్టి గోడకు ఓ అడుగైనా దూరం జరపండి.

టైల్స్, మార్బుల్ నేల ఉన్న గదిలో శబ్దం అటూ ఇటూ కొట్టుకుని మారుమోగుతుంది. ఓ జంఖానా పరిచి, కిటికీకి మందపాటి పరదా కడితే మాటలు విడివిడిగా వినిపిస్తాయి.

వైర్లూ చూసుకోండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలవాలి. ఒక స్పీకర్‌కు తిరగేసి కలిపితే రెండింటి కదలికలు ఎదురెదురై బేస్ మాయమవుతుంది. చాలామంది దీన్నే 'స్పీకర్ పోయింది' అనుకుంటారు.

వందల్లో అయ్యే రిపేర్లు

వాల్యూమ్ తిప్పితే గరగరమంటే లోపల దుమ్ము పట్టిందని అర్థం. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో మెకానిక్ నిమిషాల్లో సరిచేస్తాడు. క్యాసెట్ నెమ్మదిగా తిరుగుతూ గొంతు సాగుతుంటే సాధారణంగా రబ్బరు బెల్ట్ వదులైనట్టు. స్పీకర్ అంచున ఉండే ఫోమ్ ఏళ్ల తరబడి వేడికి పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు మొత్తం స్పీకర్ మార్చక్కర్లేదు, అంచు మాత్రమే కొత్తది అతికించవచ్చు. అట్టను రెండు వైపులా సమంగా వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. లోపల రాసుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ దెబ్బతిన్నట్టే. దాని మీద ఖర్చు పెట్టొద్దు.

హైదరాబాద్‌లో విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, పాత స్పీకర్లకు జుమేరాత్ బజార్ అందరికీ తెలిసినవే. పాతది కొనేటప్పుడు మన ఫోన్, మన పాట తీసుకెళ్లి మోగించి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఫోన్‌తో కలపడం

సెట్టు వెనక 'ఆక్స్' లేదా 'లైన్ ఇన్' అని ఉంటే కొన్ని వందల్లో వచ్చే బ్లూటూత్ రిసీవర్ పెట్టుకుంటే చాలు. ఫోన్‌లోని తిలావత్ పాత స్పీకర్లలో మోగుతుంది. 'ఫోనో' అని రాసిన చోట మాత్రం కలపకండి. అది రికార్డు ప్లేయర్ కోసం, అక్కడ శబ్దం పగిలిపోతుంది.

కొత్తగా కొంటే స్పీకర్లకే డబ్బు

ఇంకా డబ్బు మిగిలితే ముందు మార్చాల్సింది స్పీకర్లే. ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి కొద్ది తేడానే. డబ్బా మీద వేల వాట్ల 'పీఎంపీఓ' చూసి మోసపోవద్దు, దానికి ఒక లెక్కంటూ లేదు. 'ఆర్ఎంఎస్' వాట్లు అడగండి. సెట్టు వెనక 8 ఓమ్స్ అని ఉంటే 4 ఓమ్స్ స్పీకర్లు తగిలించకండి. సెట్టు వేడెక్కి పోతుంది.

అన్నిటికన్నా ముందు క్యాసెట్లు

సెట్టు బాగయ్యాక మొదటి పని ఇంటివాళ్ల గొంతులున్న క్యాసెట్లను కాపాడుకోవడం. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది టేప్ తగిలే హెడ్‌ను తుడవండి. పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్ పైన ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. ముందు మామూలు క్యాసెట్ వేసి, సెట్టు టేప్‌ను నమలడం లేదని తేలాకే అసలుది వేయాలి. ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, తర్వాత ప్లే చేయండి.

'లైన్ అవుట్' లేదా ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయవచ్చు. సీ-60 క్యాసెట్‌కు రెండు వైపులా కలిపి గంట పడుతుంది. ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో, వేరే ఇంట్లో ఉండే వాళ్ల దగ్గర మరో కాపీ ఉంచండి. అసలు క్యాసెట్‌నూ పారేయొద్దు.

సెట్టు బాగైందని పక్కింటి హక్కు మరిచిపోకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. స్పీకర్లు సరైన చోట ఉంటే వాల్యూమ్ పెంచే అవసరమే రాదు. నానీ గొంతు వినడానికి గది నిశ్శబ్దంగా ఉంటే చాలు.