తొలి చలికాలానికి చిన్న కొండే మేలు

మిన్నెసోటాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో డిసెంబరు వచ్చిందంటే ఒక చర్చ మొదలవుతుంది. స్కూల్లో స్నేహితుల కబుర్లు విన్న పిల్లలు తమకూ స్కీయింగ్ నేర్పించమని పట్టుబడతారు. క్రిస్మస్ సెలవులకు ఎలాగూ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కాబట్టి కొలరాడో వెళ్ళి వేయిల్ లాంటి పెద్ద రిసార్ట్‌లోనే నేర్పిద్దామని ఒకరంటారు. ఊరి పక్కనే బక్ హిల్ ఉండగా అంత దూరం ఎందుకని ఇంకొకరు. చివరికి, నేర్చుకునేదేదో మంచి చోటే నేర్చుకోనీ అన్న మాటతో పెద్ద రిసార్ట్ గెలుస్తుంది. మొదటిసారి స్కీలు కట్టుకునేవాళ్ళకు అది మంచి చోటు కాదని నా అభిప్రాయం.

ముందు కొలతలు చూద్దాం. మినియాపొలిస్‌కు దక్షిణాన బర్న్స్‌విల్‌లో, ఇంటర్‌స్టేట్ 35 పక్కనే ఉంటుంది బక్ హిల్. దాని కొన నుంచి అడుగుదాకా నిలువు ఎత్తు 310 అడుగులు. వేయిల్‌లో అదే లెక్క దాదాపు 3,450 అడుగులు, అంటే 11 రెట్లు. అక్కడ స్కీ చేయడానికి 5,317 ఎకరాలున్నాయి. కాగితం మీద చూస్తే పోలికే లేదు. కానీ మొదటి రోజు మన పిల్ల తిరిగేది అందులో ఎంత? కొండ పాదాన కాస్త వాలుగా ఉండే ఒక్క మైదానం. అలాంటిది బక్ హిల్‌లోనూ ఉంది.

మొదటి రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ముందు అద్దె బూట్లు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఆ బూట్లు మడమను కదలనివ్వవు, పిక్క ఎముకను ముందునుంచి ఒత్తుతాయి. చలి కదా అని రెండు జతల మేజోళ్ళు తొడిగితే బూటు లోపల పాదం జారుతుంది, కాలు ఇంకా చల్లబడుతుంది. పొడవైన పల్చటి జత ఒక్కటి చాలు. తర్వాత సమతలం మీద ఒక కాలికే స్కీ కట్టి నడిపిస్తారు. ఆ తర్వాత మ్యాజిక్ కార్పెట్. ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసుకొచ్చే బెల్టులాంటిది అది. పిల్లలు దానిమీద నిలబడితే చాలు, మెల్లగా పైకి తీసుకెళ్తుంది. పైన ఇన్‌స్ట్రక్టర్ "పిజ్జా" అంటాడు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, పిజ్జా ముక్క ఆకారం వచ్చేలా కాళ్ళు తోయాలి. లోపలి అంచులు మంచులో దిగి వేగం తగ్గుతుంది. ఆగడం ఇలాగే వస్తుంది. ఆగడం వచ్చాక తిరగడం. ఇదంతా ఎన్నిసార్లు కిందికి దిగామన్నదాన్ని బట్టి వచ్చే విద్య. కొండ ఎంత పెద్దదైతే ఏం, దిగే వాలు అదే.

ఎన్నిసార్లు దిగామన్న లెక్కలోనే చిన్న కొండ ముందుంటుంది. కారు దిగి కాస్త నడిస్తే మంచు దగ్గరికి చేరతాం. లైట్లు వేస్తారు కాబట్టి ఆఫీసు అయ్యాక, స్కూలు అయ్యాక వారం మధ్యలో వెళ్ళి రావచ్చు. పెద్ద రిసార్ట్‌లో పార్కింగ్, అక్కడినుంచి బస్సు, అద్దె సామాన్ల వరుస, స్కీ స్కూల్ వరుస దాటేసరికి పొద్దున సగం గడిచిపోతుంది. పైగా మూడు రోజులు వరసగా నేర్చుకుని ఏడాది ఆగే పిల్ల కంటే, వారానికి ఒక సాయంత్రం చొప్పున రెండు నెలలు దిగిన పిల్లకు కాళ్ళు బాగా అలవాటు పడతాయి.

దీనికి పెద్ద ఉదాహరణ లిండ్సే వాన్. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచిన ఆమె చిన్నప్పుడు నేర్చుకున్నది ఈ 310 అడుగుల బక్ హిల్ మీదే, ఆస్ట్రియా నుంచి వచ్చిన కోచ్ ఎరిక్ సైలర్ దగ్గర. తాడు పట్టుకుంటే చకచకా పైకి లాగే రోప్ టో ఉండటంతో అక్కడి పిల్లలు ఒక్క సాయంత్రంలోనే లెక్కలేనన్నిసార్లు దిగుతారు. ఆమె ఆటలో పదునెక్కాక, ఇక పెద్ద కొండ కావాలని ఆ కుటుంబం వేయిల్‌కు మారింది. ఈ వరస గమనించండి. ముందు బక్ హిల్, తర్వాతే వేయిల్.

డబ్బు సంగతి. వేయిల్‌లో రద్దీ రోజుల్లో అప్పటికప్పుడు కౌంటర్లో కొనే ఒక రోజు లిఫ్ట్ టికెట్ ధర ఇటీవలి సీజన్లలో 300 డాలర్లు దాటింది. సీజన్ మొదలవకముందే పాస్ కొన్నవాళ్ళకు రోజుకు పడే ఖర్చు చాలా తగ్గుతుంది. 2008లో వచ్చిన ఎపిక్ పాస్, 2018లో వచ్చిన ఐకాన్ పాస్ నడిచేదే ఈ లెక్క మీద. మ్యాజిక్ కార్పెట్ మీదే రోజు గడిపే పిల్లకు కొండంతటికీ టికెట్ కొనడం దండగ. కొన్ని పెద్ద రిసార్టులు బిగినర్ లిఫ్టులకు మాత్రమే చౌక టికెట్ ఇస్తాయి, అడిగి చూడాలి. ఇంకో సంగతి, ఇక్కడి మరో చిన్న కొండ ఆఫ్టన్ ఆల్ప్స్‌ను 2012లో వేయిల్ రిసార్ట్స్ కంపెనీయే కొనేసింది. కాబట్టి ఆ కంపెనీ ఎపిక్ పాస్ చేతిలో ఉంటే ఈ చిన్న కొండ మీదా చెల్లుతుంది.

ఎత్తు గురించి చాలామంది ఆలోచించరు. మినియాపొలిస్ సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపే. వేయిల్ ఊరే 8,000 అడుగుల పైన ఉంది, కొండ కొన 11,500 అడుగుల పైనే. విమానం దిగిన రోజే అక్కడికి చేరితే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్ళేవాళ్ళు డాక్టర్‌ను అడిగి, డెన్వర్‌లో ఒక రాత్రి ఆగి వెళ్ళడం మంచిది. చిన్న కొండ దగ్గర తాతయ్య, నాయనమ్మ లాడ్జ్ కిటికీ పక్కన కూర్చుని మనవడు దిగడం కళ్ళారా చూడొచ్చు.

అలాగని పెద్ద రిసార్ట్‌ను తక్కువ చేయలేం. మధ్య పశ్చిమ రాష్ట్రాల చిన్న కొండలు ఎక్కువగా యంత్రాలతో చేసిన మంచు మీద ఆధారపడతాయి. ఎండకు కరిగి రాత్రి గడ్డకట్టిందంటే అది రాయిలా ఉంటుంది. రాకీ పర్వతాల మెత్తటి మంచు, మైళ్ళ పొడవున సాగే దారులు ఇక్కడ దొరకవు. ఆగడం, తిరగడం వచ్చినవాడికి 310 అడుగులు కొన్నాళ్ళకే విసుగు పుట్టిస్తాయి. అప్పుడు వేయిల్‌కు పెట్టే ప్రతి డాలరూ గిట్టుబాటే.

అక్కడికి వెళ్ళేముందు ఒక జాగ్రత్త. ఆకుపచ్చ వృత్తం సులువైన దారి, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. అయితే ఈ గుర్తులు ఏ కొండకు ఆ కొండే, తనలోని దారుల్ని ఒకదానితో ఒకటి పోల్చి పెట్టుకునేవి. బక్ హిల్ నల్ల డైమండ్ దిగిన పిల్లవాడు వేయిల్ నీలం దారిలో మధ్యలో బిగుసుకుపోవచ్చు. కొత్త కొండ మీద మొదటి దిగుడు ఎప్పుడూ ఆకుపచ్చలోనే.

1980ల తొలినాళ్ళలో అమెరికాలో 700కు పైగా ఉన్న స్కీ కొండలు ఇప్పుడు 500 కన్నా తక్కువే మిగిలాయి. మూతపడ్డవాటిలో ఎక్కువ చిన్నవే. మీ ఊరి పక్కన ఒకటి ఇంకా నడుస్తుంటే ఈ జనవరిలో వెళ్ళండి. టికెట్, అద్దె సామాన్లు, పాఠం కలిపి ఇచ్చే బిగినర్ ప్యాకేజీ అడగండి, హెల్మెట్ తప్పకుండా తీసుకోండి. శనివారం మధ్యాహ్నం రద్దీలో కాకుండా వారం మధ్యలో ఒక సాయంత్రం చూసుకోండి.