గూడబాతుల లెక్క.. రైతుకూ పక్కా
ఉప్పలపాడు చెరువు గట్టున శాస్త్రవేత్త పని ఏమిటి?

ఉప్పలపాడు (పెదకాకాని మండలం): చెరువు చిన్నది. చుట్టాలు వేలల్లో. గుంటూరుకు ఆనుకునే ఉన్న ఈ గ్రామానికి ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు దిగుతాయి. ఊరి చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరాక వెళ్తాయి. వాటిని కొట్టకుండా, బెదరగొట్టకుండా కాపాడుకొస్తున్నది గ్రామస్థులే. రెట్టల ఘాటుకు తుమ్మచెట్లు ఎండిపోతుంటే, అటవీశాఖ నీటిలో ఇనుప స్టాండ్లు నిలిపింది. గూళ్లు వాటి మీదకూ చేరాయి.

ఇలాంటి చోట పనిచేసే జీవావరణ శాస్త్రవేత్త బైనాక్యులర్, నోటు పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, చూసేవారికి కాలక్షేపంగా తోస్తుంది. నిజానికి ఆ పనికి పద్ధతి ఉంది.

పక్షి కాదు, గూడు లెక్క

ఎగిరే పక్షిని లెక్కిస్తే ఒకటి రెండుసార్లు పడుతుంది. మేతకు పోయినది అసలు పడదు. అందుకే గూళ్లు లెక్కిస్తారు. ఒక గూడంటే ఒక జంట. ఒకే చోట నిలబడి, ఒకే వేళకు, రోజుల తేడా సమానంగా ఉండేలా లెక్క రాస్తారు. పడవ వేసుకుని గూళ్ల దగ్గరకు పోరు. తల్లి లేచిందంటే కాకి గుడ్డు తన్నుకుపోతుంది. ఈకలు రాని పిల్ల ఎండకు మాడిపోతుంది.

రెండో పని నీటి లోతు కొలవడం. గూడబాతు సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. పొదగడానికి నెల రోజులు. పిల్ల గూడు విడవడానికి మరో మూడు నుంచి ఐదు నెలలు. జనవరిలో పెట్టిన గుడ్డు పిల్లయి ఎగరాలంటే మే రావాలి. అప్పటికి కాలువలు కట్టేస్తారు. చెట్ల చుట్టూ నీరున్నంత కాలమే కుక్కలు, పిల్లులు గూళ్ల జోలికి రావు. నీరింకితే పెద్ద పక్షులు పిల్లల్ని వదిలేసి పోతాయి. ఎన్ని గూళ్లున్నాయో, పిల్లల వయసెంతో తెలిస్తేనే నీరు ఎన్నాళ్లు నిలపాలో చెప్పగలరు.

మూడోది నీటి పరీక్ష. రెట్టలో నత్రజని, భాస్వరం ఎక్కువ. పొలానికి అది ఎరువు. కదలని నీటిలో అదే పాచిని పెంచుతుంది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలిపోతాయి. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు పక్షుల చెరువు నీటిని పొలాలకు పెట్టుకుంటారు. పక్షుల్ని కాల్చేవారి మీద వారి పెద్దలు ఫిర్యాదు చేసి, 1798లోనే కలెక్టరు నుంచి కౌలు పత్రం రాయించుకున్నారు.

పెంకు పలచబడితే

పత్తి, మిరప రైతులకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 1960 దశకం చివర అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో గూడబాతుల గుడ్లు తల్లి బరువుకే చితికిపోయాయి. డీడీటీ నీటిలో చేరి, చేపల ద్వారా పక్షి ఒంట్లోకి పోయి పెంకును పలచన చేసిందని తేలింది. 1972లో అక్కడ డీడీటీని నిషేధించారు. ఆ జాతి మెల్లగా తేరుకుంది. మన దేశంలో సేద్యానికి డీడీటీ వాడకం 1989లో నిలిచింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది.

పిచికారీలు పెరిగినంత మాత్రాన పంట దక్కదని గుంటూరు, ప్రకాశం రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లదోమ, అప్పులు కలిసి తెచ్చిన 1987 నాటి పత్తి రైతుల చావులు ఈ నేల మరచిపోలేదు. పురుగును ఏరుకుతినే పిట్టల కోసం చేలో పక్షి స్థావరాలు పాతమని వ్యవసాయశాఖ చెబుతున్నదీ అందుకే.

పోయిన కాలనీలు

ఒకసారి వచ్చిన పక్షి ఎప్పటికీ వస్తుందన్న హామీ లేదు. కడప జిల్లా బుచ్చుపల్లెలో 1902లో కనిపించిన గూడబాతుల కాలనీ మళ్లీ ఎవరికీ దొరకలేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో 1946లో కె.కె. నీలకంఠన్ చూసి రాసిన పెద్ద కాలనీ 1970 దశకం నాటికి లేకుండా పోయింది. నెల్లూరు ప్రాంతంలోని నేలపట్టును 1976లో, కొల్లేరును 1999లో అభయారణ్యాలుగా ప్రకటించారు. ఉప్పలపాడుకు కొండంత అండ ఊరి జనమే.

రైతులు చేయదగ్గవి కష్టమైనవి కావు. స్ప్రేయర్లను కాలువలో, చెరువులో కడగరాదు. మందు డబ్బాలు గట్టున పారేయరాదు. చచ్చిన పక్షి కనబడితే పూడ్చేయకుండా అటవీ సిబ్బందికి కబురు చేయాలి. కారణం పరీక్షలోనే తేలుతుంది. గూళ్ల లెక్క, నీటి లోతు పంచాయతీ బోర్డు మీద నెలనెలా రాసి పెడితే, వేసవిలో చెరువుకు నీరెప్పుడు కావాలో ఊరంతటికీ ముందే తెలుస్తుంది. కాలువలు కట్టేయకముందే చెరువు నింపే ఏర్పాటు అధికారులు చూడాలి.