కెల్లీ బార్న్స్ ఆనకట్ట

కెల్లీ బార్న్స్ ఆనకట్ట అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, జార్జియా రాష్ట్రపు స్టీఫెన్స్ కౌంటీలో టొకోవా పట్టణానికి సమీపాన ఉండిన చిన్న మట్టి ఆనకట్ట. ఇది టొకోవా ఫాల్స్ బైబిల్ కళాశాల అనే ప్రైవేటు విద్యాసంస్థకు చెందినది. 1977 నవంబరు 6 తెల్లవారుజామున ఈ కట్ట తెగి 39 మంది మరణించారు. ప్రైవేటు యాజమాన్యంలోని ఆనకట్టల భద్రతను ప్రభుత్వం పర్యవేక్షించే పద్ధతి అమెరికాలో స్థిరపడటానికి ఈ దుర్ఘటన ఒక ముఖ్య కారణమైంది.

నిర్మాణం

ఈ స్థలంలో మొదటి కట్టను 1899లో చిన్న జలవిద్యుత్ కేంద్రం కోసం నిర్మించారు. అది దూలాల చట్రాలలో రాళ్ళు నింపి కట్టినది. తరువాత ఈ ఆస్తి విద్యాసంస్థ చేతికి వచ్చింది. 1937 ప్రాంతంలో పాత కట్టపైనే మట్టి పోసి కొత్త కట్ట వేశారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం దానిని మరింత ఎత్తు చేశారు. ఈ విధంగా ఆనకట్ట ఒకే ప్రణాళిక ప్రకారం గాక, దఫదఫాలుగా పెరిగింది.

తుదకు దాని ఎత్తు సుమారు 38 అడుగులు, పొడవు సుమారు 400 అడుగులు, జలాశయ విస్తీర్ణం సుమారు 40 ఎకరాలు. 1957లో విద్యుదుత్పత్తి నిలిచిపోయింది. అప్పటినుండి జలాశయం విహారానికి మాత్రమే ఉపయోగపడింది. ఉపయోగం తగ్గినా కట్టపై నీటి ఒత్తిడి తగ్గదు. ఆదాయమివ్వని కట్టను కనిపెట్టి ఉండవలసిన అవసరం మాత్రం క్రమంగా మరుగున పడింది.

ఆనకట్టకు దిగువన టొకోవా వాగు 186 అడుగుల ఎత్తునుండి జలపాతమై దూకుతుంది. జలపాతానికి దిగువన ఉన్న లోయలో కళాశాల భవనాలు, వసతి గృహాలు, కుటుంబాలు నివసించే తేలికపాటి ఇళ్ళు ఉండేవి.

దుర్ఘటన

1977 నవంబరు 2 నుండి 5 వరకు ఆ ప్రాంతంలో సుమారు 7 అంగుళాల వర్షం కురిసింది. అందులో దాదాపు సగం 5వ తేదీ సాయంత్రం నుండి అర్ధరాత్రి లోపే పడింది. రాత్రి సుమారు 1:30 గంటలకు కట్టకు గండి పడింది. వరద ఉద్ధృతి అత్యధికంగా సెకనుకు 24,000 ఘనపుటడుగులు ఉండి ఉంటుందని అంచనా. నిద్రలో ఉన్నవారికి తప్పించుకొనే వ్యవధి లేకపోయింది. మృతులలో పలువురు పిల్లలు.

కారణాలు

మట్టి కట్ట తెగడానికి సాధారణంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, అలుగు చాలక నీరు కట్టమీదుగా పొర్లడం. రెండవది, కట్ట లోపలినుండి ఊరే నీరు మట్టి రేణువులను వెంట తీసుకొనిపోయి సన్నని దారి చేసుకోవడం. దీనినే మన పల్లెలలో బుంగ పడటం అంటారు. మూడవది, నీటిలో నానిన వాలు తన బరువుకు తానే జారిపోవడం.

ఫెడరల్ దర్యాప్తు సంఘం 1977 డిసెంబరులో జార్జియా గవర్నరుకు నివేదిక సమర్పించింది. వైఫల్యానికి ఏకైక కారణాన్ని సంఘం నిర్ధారించలేకపోయింది. అయితే దిగువ వైపు నిటారుగా ఉన్న వాలులో కొంత భాగం జారిపోయిందని, దానికి బహుశా బుంగ తోడై ఉంటుందని, అక్కడ కట్ట శిఖరం తెగి, కోత పెరిగి, మొత్తం కట్ట కూలిందని అభిప్రాయపడింది.

ఇక్కడ గమనించదగిన అంశమొకటి ఉన్నది. దిగువ వాలుపై మట్టి జారిన గుర్తు 1973 నాటి ఛాయాచిత్రంలోనే కనిపించింది. అది సుమారు 12 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పు గలది. అనుభవమున్న ఇంజనీరుకు అది స్పష్టమైన హెచ్చరిక. కాని అటువంటి ఇంజనీరు వచ్చి చూడవలెనని నిర్బంధించే చట్టం నాడు జార్జియాలో లేదు.

పర్యవేక్షణలో లోపం

1972 ఫిబ్రవరిలో పశ్చిమ వర్జీనియాలోని బఫెలో క్రీక్ వద్ద బొగ్గు వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి 125 మంది మరణించారు. ఆ సంవత్సరమే జాతీయ ఆనకట్టల తనిఖీ చట్టం వచ్చింది. ఆనకట్టల జాబితా తయారైంది గాని, ప్రైవేటు ఆనకట్టల తనిఖీకి తగిన నిధులు రాలేదు. 1976లో ఐడహో రాష్ట్రంలో టీటన్ ఆనకట్ట తెగింది. అది ఫెడరల్ ప్రభుత్వానిది కావడంతో, 1977 ఏప్రిల్‌లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆదేశించిన సమీక్ష ఫెడరల్ సంస్థల ఆనకట్టలకే పరిమితమైంది. కెల్లీ బార్న్స్ వంటివి ఈ రెండింటి నడుమ మిగిలిపోయాయి.

అనంతర చర్యలు

కార్టర్ స్వయంగా జార్జియా మాజీ గవర్నరు. దుర్ఘటన తరువాత ఆయన 1977 చివరలో, ఫెడరల్ ప్రభుత్వానికి చెందని ప్రమాదకర ఆనకట్టలను తనిఖీ చేయవలసిందిగా సైనిక ఇంజనీర్ల దళాన్ని ఆదేశించాడు. 1981 నాటికి 8,818 ఆనకట్టలను పరీక్షించగా, వాటిలో 2,925 సురక్షితం కావని తేలింది. అనగా ప్రతి మూడింటిలో దాదాపు ఒకటి.

జార్జియా 1978లో ఆనకట్టల భద్రతా చట్టాన్ని చేసింది. 25 అడుగులు లేదా అంతకు మించిన ఎత్తు గాని, 100 ఎకరపు అడుగులు లేదా అంతకు మించిన నిల్వ గాని గల ఆనకట్టలు దీని పరిధిలోకి వస్తాయి. తెగినచో ప్రాణనష్టం సంభవించగలవి మొదటి వర్గం, తక్కినవి రెండవ వర్గం. మొదటి వర్గపు ఆనకట్టకు యజమాని అనుమతి పొంది, నిర్ణీత ప్రమాణాల ప్రకారం నిర్వహించవలెను.

ఈ వర్గీకరణ కట్ట దృఢత్వాన్ని సూచించదు. దిగువన ఎవరున్నారో సూచిస్తుంది. అందుచేత దిగువన కొత్తగా ఇళ్ళు వెలసినచో, కట్టలో ఏ మార్పూ లేకున్నా రెండవ వర్గపు ఆనకట్ట మొదటి వర్గానికి మారవచ్చు. అప్పుడు మరమ్మతు వ్యయం యజమానిపై పడుతుంది. అమెరికాలోని ఆనకట్టలలో సగానికి పైగా ప్రైవేటువే కావడంతో, ఈ వ్యయమే నేటికీ చట్టం అమలులో ప్రధానమైన చిక్కు.

ప్రస్తుత స్థితి

ఆనకట్టను తిరిగి నిర్మించలేదు. కళాశాల అక్కడే కొనసాగుతున్నది. మృతుల స్మారక చిహ్నం జలపాతం సమీపాన ఉన్నది.