కెమెరా ఎవరి చేతిలో ఉంది?

వేములపల్లి ఆడవాళ్లు హాల్లో సినిమా చూడాలంటే మిర్యాలగూడ పోతారు. ఇంట్లో అయితే టీవీలో, ఫోనులో చూస్తారు. సినిమాలో కోడలు ఏడిస్తే వాళ్లకూ ఏడుపు వస్తుంది.

కానీ నాటు వేసే ఆడమనిషి ఎన్ని సినిమాల్లో కనిపిస్తుంది? కనిపించినా పాటలో ఒక్క నిమిషం. ఆమెకు కూలి ఎంత ఇస్తున్నారు? వంగి వంగి నడుము ఎంత నొస్తుంది? ఈ మాట సినిమాలో రాదు. ఎందుకు?

సినిమా తీయించే మనిషిని దర్శకుడు అంటారు. కెమెరా ఎక్కడ పెట్టాలి? ఎవరిని దగ్గరగా చూపాలి? ఎవరి మాట వినిపించాలి? ఇవన్నీ దర్శకుడే చెప్తాడు. ఈ పని ఎక్కువగా మగవాళ్ల చేతిలోనే ఉంది. అందుకే కథలు కూడా ఎక్కువగా మగవాళ్ల కంటితో చూసినవే.

అయినా దారి వేసిన ఆడవాళ్లు ఉన్నారు. భానుమతి 1953లో 'చండీరాణి' తీసింది. ఒకే కథను తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసింది. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసింది. విజయనిర్మల 1973లో 'మీనా' తీసింది. ఆ నవల రాసింది కూడా ఒక స్త్రీయే, యద్దనపూడి సులోచనారాణి. విజయనిర్మల మొత్తం 44 సినిమాలు తీసి గిన్నిస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. 2011లో నందినీరెడ్డి 'అలా మొదలైంది' తీసింది.

భానుమతి, సావిత్రి, విజయనిర్మల అప్పటికే పేరున్న నటులు. మరి పొలం పని చేసే ఆడవాళ్లు సినిమా తీయగలరా?

తీశారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అనే ఊరు ఉంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మహిళా సంఘాలు పెట్టించింది. వాటిలో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. వాళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. బడికి పోనివాళ్లు కూడా నేర్చుకున్నారు.

కెమెరా పనికి వాళ్లు సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే 'పటేల్ షాట్'. పటేలు గద్దె మీద కూచుని కింద ఉన్నవాళ్లను అట్లనే చూస్తాడు కదా! కిందినుంచి పైకి చూస్తే 'బానిస షాట్'. కంటికి కన్ను సమానంగా ఉంటే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానం. తమకు కావలసింది సంఘం షాటే అన్నారు.

2002లో మన దేశంలో బీటీ పత్తి విత్తనం అమ్మకానికి వచ్చింది. ఈ స్త్రీలు కెమెరా పట్టుకొని వరంగల్ జిల్లా పల్లెలకు పోయారు. పెట్టుబడి ఎంత, దిగుబడి ఎంత అని రైతులను అడిగారు. రైతుల నష్టాన్ని, కోపాన్ని వాళ్ల నోటితోనే చెప్పించారు. 2003లో ఆ సినిమా బయటికి వచ్చింది. తరువాత వేరే దేశాలకు కూడా పోయి పత్తి రైతులతో మాట్లాడి సినిమా తీశారు.

రైతు బాధ రైతుకు తెలుసు. ఆడదాని బాధ ఆడదానికి తెలుసు. తెలిసినవాళ్ల చేతికి కెమెరా వస్తే కథ మారుతుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో కెమెరా ఉన్న ఫోను ఉంది.

మాట్లాడుకోండి:
1. మీరు చూసిన సినిమాల్లో మీలాంటి స్త్రీ కథ ఉందా?
2. మీ చేతికి కెమెరా ఇస్తే ముందుగా ఎవరి కథ చూపిస్తారు?
3. ఆమెను ఏ షాట్‌లో చూపిస్తారు?